కుంటి కోడిపిల్ల

ఆరాంఘర్ దాటి బెంగుళూరు రహదారి వెంట పోవువారికి గగన్‌పహాడ్ తరువాత, శంషాబాదుకు ముందు, సాతంరాయి తగులును. 2008లో విమానాశ్రయము వచ్చిన పిదప ఆ చుట్టుపట్ల చేలు ప్లాట్లయినవి, ప్లాట్లు మేడలయినవి. పెంటకుప్పలు, గడ్డివాములు అరుదైనవి. కోడికి కాలితో గీరుకొనుటకు నేల కరవైనది. అయినను పిల్లలకు కోడిపిల్లపై మోజు పోలేదు. ఆ ఊరి ఒక యింట ఆరవ తరగతి చదువుచున్న బాలిక, రోడ్డు ప్రక్కన బుట్టలో పెట్టి అమ్మజూపిన గులాబిరంగు కోడిపిల్లను కొని తెచ్చుకొన్నది. మేడమీద పంజరములో ఉంచి పెంచినది. కొలది దినములలోనే ఆ రంగు వెలిసినది. మూడవ వారమున దాని కాలివ్రేళ్లు పిడికిలి బిగించినట్లు లోపలికి ముడుచుకొనిపోయి, అది మోకాళ్లమీద దేకసాగినది.

ఇంటిలో మూడు తీర్పులు వెలువడినవి. "రేపు ఏ పిల్లో గుంజుకపోతది, ఇయ్యాల్నే కోసేస్తే దానికే మంచిది" అని తండ్రి. "పానమున్నన్ని దినాలు ఇన్ని నూకలేద్దం, మనకేం బరువు" అని నాయనమ్మ. "నేను సాదుకుంట నాయినా" అని బాలిక. ఈ సంగతి మాకు చెప్పినవారు ఆమె ఉపాధ్యాయులు. తరగతిలో వాదము పుట్టి ఆనాటి పాఠము సాగలేదట. ఏ పక్షము న్యాయమో మీరు వ్రాయుడని వారు మమ్ము కోరిరి.

కోడిపిల్ల ముచ్చట సంపాదకీయమునకు తగునా యని శంకించువారు కలరు. 1928లో సబర్మతి ఆశ్రమమున ఒక దూడ జబ్బుచేసి, ప్రక్కకు ఒత్తిగిలుటకైనను శక్తి లేక బాధపడుచుండగా, గాంధీజీ వైద్యుని సలహా గైకొని, ఆశ్రమవాసులతో చర్చించి, సూదిమందుతో దాని ప్రాణము తీయించిరి. ఆ సమయమున తాము అచ్చటనే ఉండిరి. తరువాత నవజీవన్, యంగ్ ఇండియా పత్రికలలో ఆ విషయమును తామే వెల్లడించిరి. దేశము నలుమూలలనుండి కోపముతో నిండిన ఉత్తరములు వచ్చిపడినవి. ప్రాణము పోయలేని మనకు ప్రాణము తీయు హక్కెక్కడిదని ఆశ్రమములోనే ఒకరు అంతకుముందే అడిగియుండిరి. ఆ చంపుట ఎవరి మేలు కొరకు జరిగినదో చూడుడని గాంధీజీ వాదము. అదే వ్యాసమున పంటలు పాడుచేయు కోతుల ప్రస్తావన తెచ్చి, వాటిని చంపినచో అది మన లాభము కొరకే గనుక హింసయే యగునని వారు ఒప్పుకొనిరి. దూడను చంపించిన చేతితోనే ఈ మాట వ్రాయుట సామాన్యము కాదు.

సాతంరాయి తండ్రిగారి మాటను ఈ గీటురాతిపై పెట్టి చూతము. "దానికే మంచిది" అన్నారు. దానికా, తమకా? పంజరము కడుగు పని తప్పుట, పిల్ల చదువు చెడకుండుట, ఇంటిలో వాసన లేకుండుట, ఇవన్నియు ఆ మాటలో దాగియుండవచ్చును. ఆయనను తప్పు పట్టుట మా ఉద్దేశము కాదు. దినమెల్ల పనిచేసి ఇల్లు చేరినవానికి అట్టి కోరికలు ఉండుట సహజమే. వానికి కరుణ యని పేరు పెట్టుటయే మాకు నచ్చదు. నాయనమ్మగారి మాట వినుటకు తీయనిదే గాని, బాధ నెవ్వరు చూచెదరన్న ప్రశ్నను అదియు దాటవేసినది.

ముగ్గురును మరచిన సంగతి వేరొకటి కలదు. దానికి వచ్చిన జబ్బేమి?

ఈ ప్రశ్న అడిగినందువలననే లోకమునకొక గొప్ప శాస్త్రము లభించినది. 1890 ప్రాంతమున జావాలోని బటావియా నగరమున క్రిస్టియాన్ ఐక్మన్ అను డచ్చి వైద్యుడు బెరిబెరి వ్యాధిని పరిశోధించుచుండెను. ఆయన ప్రయోగశాల కోళ్లకు కాళ్లు పడిపోయినవి. సూక్ష్మక్రిమి పని యని ఆయన మొదట తలచెను. అంతలో కోళ్లు వాటంతట అవే కోలుకొన్నవి. విచారింపగా, జబ్బు చేసిన దినములలో వానికి సైనికాసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లని అన్నము పెట్టుచుండిరని తేలినది. క్రొత్తగా వచ్చిన వంటవాడు, సైనికుల అన్నము సైన్యములో లేని కోళ్లకు పెట్టనని ఆపివేసెనట! ఆ వంటవాని పేరు చరిత్రలో నిలువలేదు. ఐక్మన్‌కు మాత్రము 1929లో నోబెల్ బహుమానము దక్కినది. మరపట్టిన బియ్యములో లేనిదియు, తవుడులో ఉన్నదియు నగు ఒక పోషకపదార్థము వలన ఈ భేదము కలిగినదని ఆయన తరువాత ఆ పని చేపట్టిన గ్రైన్స్ 1901లో చెప్పెను. దానినే నేడు బి-1 విటమిన్ అనుచున్నాము. తెల్లని బియ్యము తిను మన ఉత్తర సర్కారు జిల్లాలలో కూడ ఆ వ్యాధి ఒకప్పుడు పాతుకొని యుండినది. ఆ కోళ్లను మొదటి దినముననే కోసి పారవేసియున్నచో ఏమగునో మన విద్యార్థులు ఆలోచింపవచ్చును.

సాతంరాయికి రాజేంద్రనగరు ఎంతో దూరము కాదు. పశువైద్య కళాశాల, కోళ్ల పరిశోధన సంస్థ అచ్చటనే ఉన్నవి. ఉపాధ్యాయులు చెప్పగా తండ్రిగారే కోడిపిల్లను సంచిలో పెట్టుకొని ఒక పశువైద్యునికి చూపిరి. వ్రేళ్లు రెండు కాళ్లకును ముడుచుకొనుట, కన్ను చురుకుగా ఉండుట, తిండికి ఎగబడుట చూచి, ఇది బి-2 విటమిన్ లోపమని ఆయన చెప్పెను. పచ్చిక, పురుగు ఎరుగని పంజరములో, వట్టి నూకలమీద పెరిగిన పిల్లకు ఇది వచ్చుట వింత కాదు. నాయనమ్మగారు దయతో వేసిన నూకలలోనే లోపమున్నదన్నమాట. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనుకకు చాచి పడిపోవు మారెక్స్ వ్యాధి వేరు. దానిని 1907లో హంగరీ దేశపు పశువైద్యుడు మారెక్ వర్ణించెను. పిల్ల గ్రుడ్డునుండి వెలువడిన దినముననే టీకా వేయుదురు గాని, వచ్చిన తరువాత దానికి మందు లేదు. ఇంటివారి కన్నులకు రెండును కుంటితనమే. ఒకటి చుక్కలమందుకు, మజ్జిగకు, తోటకూరకు లొంగును, అదియు ఆలస్యము కానిచో. రెండవది లొంగదు.

కనుక సాకవలెనా, చంపవలెనా యని మమ్మడిగిన ఉపాధ్యాయులకు మా సమాధానమిది. పక్షి తినుచు, త్రాగుచు, ముక్కుతో రెక్కలు దువ్వుకొనుచున్నంత వరకు సాకవలెను. తిండి మాని, కన్నులు మూసి, రొమ్ముక్రింద పుండుపడి, నయముకాదని వైద్యుడు చెప్పిన పిమ్మట జాగు చేయుట మాత్రము క్రౌర్యము. చంపుటకు మనసు రాక పక్షిని మూలపడవేసి, "దానంతట అదే పోయింది" అనుకొనువారు ఎందరో కలరు. వారికంటె కత్తి పట్టినవారే నయమని మేము నిస్సంకోచముగా చెప్పుదుము. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము కూడ ఆహారమునకై వధించుటను కాదనలేదు; అనవసరపు బాధను కాదన్నది.

సాకెదమన్నవారు ఆ పనిని ముందుగా ఎరుగవలెను. మెత్తని గడ్డి పరచి దినదినము మార్చవలెను. నీరు ముక్కుకు అందవలెను. ఇతర కోళ్లున్నచో అవి పొడిచి చంపును, వేరుచేయవలెను. బాలిక ఉదయమే బడికి పోవును. తరువాత ఈ పని ఎవరిది? "నేను సాదుకుంట" అన్నది ఆమె, సాకుచున్నది నాయనమ్మ.

ఆ గులాబిరంగు గురించి ఒక మాట. గ్రుడ్లు పెట్టు జాతులలో పుంజుపిల్లకు గిరాకి లేదు. పొదిగించు కేంద్రములలో వానిని పుట్టిన దినముననే చంపుదురు. చంపక మిగిల్చినవానిలో కొన్ని రంగులద్దుకొని బుట్టలకెక్కి పిల్లల చేతికి వచ్చును. ఈ కోడిపిల్లపై మొదటి తీర్పు సాతంరాయిలో పుట్టినది కాదు. జర్మనీ దేశము 2022 నుండి పుంజుపిల్లలను ఇట్లు చంపుటను నిషేధించినది. గ్రుడ్డు చౌకగా దొరకవలెనని కోరు మనమందరము ఆ తీర్పులో భాగస్వాములమే. ఇది మాత్రము తరగతిలో ఎవ్వరును ఎత్తలేదట.

పది దినముల చుక్కలమందు తరువాత ఒక కాలి వ్రేళ్లు విచ్చుకొన్నవి. రెండవ కాలు ఇంకను ముడుచుకొనియే ఉన్నది. కుంటుచు నాయనమ్మ వెంట వంటయింటి దాక పోవుచున్నదట. మరల తీర్పు చెప్పుమని బాలిక తండ్రిని అడిగినది. "దసర దాక సూద్దం" అన్నాడట ఆయన. ఆ మాటకు అర్థమేమని ఆమె ఉపాధ్యాయులను అడిగినది. వారు మమ్ము అడిగిరి.