'రేయ్' అని పిలిచింది ఎవర్ని?

కొంచెం పెద్ద పోస్టు ఇది. ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మొన్న మాలో ఒకడికి ఉద్యోగం వచ్చింది. ఆ సంతోషంలో ఐదుగురం కలిసి వి.కోటలో ఒక హోటల్‌కి భోజనానికి పోయినాం. మధ్యాహ్నం పూట, మార్కెట్టుకు వచ్చిన రైతులతో హోటలంతా నిండిపోయి ఉంది. సాంబారు రావడం ఆలస్యమైంది. మాలో ఒకడు చిటికె వేసి, "రేయ్, ఎంతసేపురా? సాంబారు తే" అన్నాడు. ఆ పిల్లోడు పరిగెత్తుకుంటూ వచ్చి పోసి పోయినాడు. తర్వాత మేం మా భాషలో మాట్లాడుకుంటూ ఉంటే, నీళ్లు పోయడానికి వచ్చి అదే భాషలో మెల్లగా అడిగినాడు, "అన్నా, మీది ఏ తండా?"

మా ఐదుగురికీ నోట మాట రాలేదు. ఇంటర్ మధ్యలో ఆపేసి పనిలో చేరినాడంట. చిటికె వేసినోడే లేచి, "తప్పయింది తమ్ముడూ" అన్నాడు. వాడు నవ్వి, "పర్వాలేదన్నా, అందరూ అట్లే పిలుస్తారు" అన్నాడు. ఆ మాటే మమ్మల్ని ఎక్కువ కుట్టింది.

బయటికి వచ్చినాక మాలో మాకే ఒక ప్రశ్న వచ్చింది. వాడు మనోడని తెలిసింది కాబట్టి సిగ్గుపడినాం. మనోడు కాకపోయి ఉంటే? చిటికె వేయడం తప్పు కాకుండా పోయేదా? ఈ పోస్టు రాసేది ఈ ప్రశ్న కోసమే.

హోటల్లో అవమానం అంటే ఏమిటో మన ఇళ్లలో ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. టీ అంగట్లో రెండు గ్లాసుల పద్ధతి దళితుల్ని ఎంత అవమానించిందో తెలుసు. లోపలికి పోకుండా బయట అరుగు మీదే కూర్చుని టీ తాగినామని మన అవ్వాతాతలూ చెప్తారు. పక్కనే ఉన్న తమిళనాడులో, హోటల్ బోర్డుల మీద 'బ్రాహ్మణాళ్' అనే మాట తీసేయాలని 1957లో పెరియార్ ఆందోళన చేయాల్సి వచ్చింది. కులం పేరు పెట్టి ఎవర్నీ హోటల్లోకి రానీయకుండా ఆపకూడదని మన రాజ్యాంగం 15వ అధికరణంలోనే రాసిపెట్టినారు. అంటరానితనం పేరుతో హోటల్లో అందరికీ ఉంచిన గ్లాసు, ప్లేటు వాడనీయకపోతే నేరమని 1955లోనే చట్టం వచ్చింది. అంటే మనం ఈరోజు కుర్చీ లాక్కుని దర్జాగా కూర్చుంటున్నామంటే దాని వెనక చాలామంది కష్టం ఉంది. అట్లా వచ్చిన కుర్చీలో కూర్చుని ఇంకొకర్ని 'రేయ్' అంటే, మనకు జరిగిన అవమానాన్ని కింద ఉన్నోడికి అందించినట్టే.

ఇంగ్లీషులో ఎవరికైనా ఒకటే మాట, యూ. మన తెలుగులో అట్లా కాదు. నువ్వు, మీరు, రా, అండీ అని మనిషి స్థాయిని నోటితోనే కొలుస్తాం. హోటల్లో మనకు 'సార్', వాళ్లకు 'రేయ్'. వయసులో మన నాయన అంత ఉన్న మనిషిని కూడా 'ఏయ్' అని పిలిచేవాళ్లు ఉన్నారు. మనం ఉండేది మూడు రాష్ట్రాలు కలిసే చోట. తెలుగులో అన్నా అంటాం, కన్నడంలో, తమిళంలో అణ్ణా అంటారు, ఉర్దూలో భాయ్ అంటారు. ఇన్ని మంచి మాటలు చెవిన పడే ఊర్లో చిటికెతో పనేముంది?

కొందరు అంటారు, "డబ్బులిస్తున్నాం కదా, టిప్పు కూడా ఇస్తాం." డబ్బులిచ్చేది అన్నానికి. మనిషిని 'రేయ్' అనే హక్కు బిల్లులో ఎక్కడా లేదు. ఇంకొకటి, టిప్పు ఇవ్వడం మన ఇష్టం. సర్వీస్ ఛార్జి కూడా బిల్లులో బలవంతంగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. కాబట్టి బిల్లు మీద అనుమానం ఉంటే కౌంటర్లో ఓనర్ని అడగండి. ధర వేసింది సర్వరు కాదు, కూరలో ఉప్పు ఎక్కువ వేసిందీ వాడు కాదు. కానీ తిట్లు మాత్రం వాడికే పడతాయి.

మనలో చాలామంది సెలవుల్లో బెంగళూరు పోయి హోటళ్లలో పనిచేసినోళ్లే. తెల్లారక ముందే లేవడం, రాత్రి ఆఖరి టేబుల్ తుడిచేదాకా నిలబడే ఉండడం మనకు తెలుసు. తిన్న ప్లేట్లోనే చేతులు కడిగేవాళ్లు, గ్లాసులో టిష్యూ కుక్కేవాళ్లు, ఫోన్లో మాట్లాడుతూ వేలితో ఆర్డర్ చూపించేవాళ్లు, ఒకేసారి చెప్పకుండా నాలుగుసార్లు తిప్పేవాళ్లు... అప్పుడు వీళ్లను మనసులో ఎంత తిట్టుకున్నాం! ఉద్యోగం రాగానే మనమే ఆ కస్టమర్ అయిపోతే ఎట్లా?

సర్వర్లుగా ఉన్న మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కూడా ఒక మాట. మర్యాద రెండు వైపులా ఉండాలి. కారు దిగినోడికి ఫ్యాను కింద టేబుల్ తుడిచి చూపిస్తాం. తండా నుంచి వచ్చిన ముసలాయన మాసిన పంచెతో వస్తే, చేతులు కడిగే మూల కూర్చోమంటాం. "డబ్బులుండాయా తాతా?" అని ముందే అడుగుతాం. అది కూడా చిటికె వేయడం లాంటిదే. ఆయనకూ అదే టేబుల్, అదే గ్లాసు ఇవ్వండి. మెనూ చదవలేకపోతే ఏమున్నాయో, ఎంతవుతుందో నిదానంగా చెప్పండి. నాలుగు గ్లాసుల్లో నాలుగు వేళ్లు ముంచి నీళ్లు తేవద్దు.

టేబుల్ తుడిచేది చిన్న పిల్లోడైతే సంగతి వేరు. 14 ఏళ్ల లోపు పిల్లల్ని హోటళ్లలో, దాబాల్లో, టీ అంగళ్లలో పనికి పెట్టుకోకూడదని 2006 అక్టోబరు 10 నుంచి నిషేధం ఉంది. ఆ పిల్లోడి తల నిమిరి పది రూపాయలు చేతిలో పెట్టి వచ్చేస్తే మన మనసుకు హాయిగా ఉంటుందేమో గానీ, వాడు బడికి పోడు. 1098కి ఫోన్ చెయ్యండి.

మా ఐదుగురం ఒక మాట అనుకున్నాం. సర్వర్ని అన్నా, అక్కా, తమ్ముడూ, చెల్లీ అనే పిలవాలి. వయసులో పెద్దవాళ్లయితే 'మీరు' అనాలి. ఆర్డర్ ఒకేసారి చెప్పాలి. ప్లేట్లో చేతులు కడగకూడదు. మన పక్కనోడు చిటికె వేస్తే, వాడు ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, అక్కడే ఆపాలి. ఈ చివరిదే కష్టం, ఎందుకంటే సొంత స్నేహితుడికి ఎదురు చెప్పాలి. ఆ రోజు చిటికె వినబడినప్పుడు మిగిలిన నలుగురం ప్లేట్లోకే చూస్తూ తిన్నాం. తప్పు వాడిదొక్కడిదే కాదు.

పోయిన వారం మళ్లీ ఆ హోటల్‌కి పోయినాం. ఆ తమ్ముడు లేడు, ఆ పని మానేసి పోయినాడన్నారు. ఓపెన్ స్కూల్లో ఇంటర్ ఎట్లా పూర్తి చేయాలో వాడికి చెప్దామని పోయినాం. మీ తండాలో ఇట్లా చదువు మధ్యలో ఆపి హోటల్ పనికి పోయిన పిల్లలుంటే మాకు చెప్పండి. కలిసి ఏదైనా చేద్దాం.