ఫ్లాష్‌బ్యాక్ ఉంటే పాపం పోతుందా?

ముందే చెప్తున్నా, కింద స్పాయిలర్లున్నాయి. ‘డీమన్ స్లేయర్’ చూడనివాళ్లు చూసొచ్చి చదవండి.

చోడవరంలో ఇంటర్ చదివే మా పిన్ని కొడుకు వాట్సాప్ డీపీ అకాజా. 2025 సెప్టెంబరులో ‘ఇన్ఫినిటీ క్యాజిల్’ తెలుగు డబ్బింగ్‌లో వచ్చినప్పట్నుంచీ అదే. ‘‘వాడి తప్పేం లేదన్నయ్యా’’ అంటాడు. సరే, కేసు చూద్దాం.

అకాజా అసలు పేరు హకుజి. జబ్బుపడ్డ తండ్రికి మందుల కోసం దొంగతనాలు చేస్తాడు. కొడుకు అలా బతకడం చూడలేక తండ్రి ఉరేసుకుంటాడు. తర్వాత చేరదీసిన గురువునీ, పెళ్లాడబోయే అమ్మాయినీ పక్క డోజోవాళ్లు బావిలో విషం కలిపి చంపేస్తారు. నాకూ కళ్లు తడిశాయి.

కానీ రచయిత గొతోగే ఇదంతా ఎప్పుడు చెప్పారో చూడండి. అకాజా చేతిలో రెంగోకు పోయిన చాలా కాలానికి, అకాజా తల తెగాక. అంటే శిక్ష పడ్డాకే వాంగ్మూలం! తంజిరో కత్తి ఆగలేదు, రెంగోకు తిరిగి రాలేదు. చివరికి అకాజా తన మీద తనే దాడి చేసుకుని ఆగిపోతాడు.

‘నరుటో’లో పెయిన్ దగ్గర నాకు నచ్చనిది ఇక్కడే. యుద్ధంలో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న నాగాటో కొనోహాని నేలమట్టం చేస్తాడు. నరుటోతో మాట్లాడాక చచ్చినవాళ్లందర్నీ లేపేస్తాడు, కకాషి సహా. మా ఆఫీసులో దీన్ని రోల్‌బ్యాక్ అంటాం. నరుటో పగ వదిలింది అంతకుముందే, నిజమే. కానీ చదివే మనకి క్షమించడానికి ఖర్చేముంది, శవాలే లేవు కదా! ఆ కథని నిలబెట్టింది జిరాయా ఒక్కడే. అతను మాత్రం లేవడు.

మనకిది కొత్త కాదు లెండి. 1977లో ‘దాన వీర శూర కర్ణ’లో ఎన్టీఆర్ దుర్యోధనుడికి ఏకంగా డ్యూయెట్టే పెట్టారు. కులం అడిగిన చోట కర్ణుడికి అంగరాజ్యం ఇచ్చినవాడంటే మనకి ఇష్టమే. అయినా ద్రౌపదిని సభకి ఈడ్పించింది ఆ ఇష్టంలో కొట్టుకుపోలేదు. తొడ విరగాల్సిందే, విరిగింది.

అమ్మాయి వెంటపడి వేధించినవాడి గురించి ‘‘పాపం, చిన్నప్పుడే తల్లి పోయిందిరా’’ అనేవాళ్లు మీ వీధిలోనూ ఉంటారు. ఆ అమ్మాయి కాలేజీ ఎందుకు మానేసిందో వాళ్లు చెప్పరు. ఆమెకి ఫ్లాష్‌బ్యాక్ ఎపిసోడ్ ఉండదు.

మావాడు ఇప్పుడు మాంగా 23 వాల్యూములూ మొదట్నుంచీ చదువుతున్నాడు. రెంగోకు పోయే చోట ఆగిపోయాడట. డీపీ ఇంకా మార్చలేదు.