మడి నీళ్లలో ఎలుక జ్వరం

సార్వా ఊడ్పులు ముమ్మరంగా సాగుతున్నాయి. కాలువ నీరు ఆలస్యమైందని, ఎరువుల కోసం వరుసలో నిలబడాల్సి వస్తోందని, ఊడ్పు కూలీలు దొరకడం లేదని ఏ గట్టు మీద నలుగురు కలిసినా అదే మాట. ఇవన్నీ మాట్లాడుకోవలసినవే. కానీ ఈ నెల సంపాదకీయం మడిలో దిగిన మనిషికి అంటే జ్వరం గురించి రాస్తున్నాం. జ్వరం సంగతి డాక్టర్లు చూసుకుంటారు గదా, రైతు సంఘం పత్రికలో ఎందుకని కొందరికి అనిపించవచ్చు. పోయిన ఏడాది వరకు మేమూ అలాగే అనుకున్నాం.

పోయిన సార్వాలో మన సంఘ సభ్యుడు ఒకరు, మూడెకరాలు కౌలుకు చేసే మనిషి, ఊడ్పులయిన పది రోజులకు జ్వరంతో పడ్డాడు. చలి, తలనొప్పి, పిక్కలు పట్టుకుపోయి నడవలేకపోవడం. కళ్లు ఎర్రబడ్డాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేశాడు. మూడో రోజు పట్నంలో రక్తపరీక్ష చేయించి టైఫాయిడ్ అన్నారు, సెలైన్లు ఎక్కించారు. ఆరో రోజు కళ్లు పచ్చబడితే కామెర్లని పసరు పోయించుకున్నాడు. ఎనిమిదో రోజుకు మూత్రం రావడం ఆగిపోయింది. అప్పుడు పెద్దాసుపత్రికి తీసుకెళ్తే ఎలుక జ్వరమని తేలింది. కిడ్నీలు అప్పటికే దెబ్బతిన్నాయి. పదకొండో రోజున పోయాడు.

జ్వరం వచ్చిన రెండో రోజు ఆయన మన సంఘం సమావేశానికి వచ్చాడు. తువ్వాలు కప్పుకుని వెనక కూర్చున్నాడు. ఒంట్లో బాగాలేదంటే ఇంటికెళ్లి పడుకోమన్నాం. ఆ రోజు మాలో ఒక్కరికి ఈ జబ్బు గురించి తెలిసి, పెద్దాసుపత్రికి వెళ్లమని చెప్పి ఉంటే ఈ పాటికి ఆయన మడిలో ఉండేవాడేమో. అందుకే ఇది రాస్తున్నాం.

ఎలా అంటుతుంది?

డాక్టర్లు దీన్ని లెప్టోస్పైరోసిస్ అంటారు. ఇది కొత్త జబ్బు కాదు. 1915లో జపాన్ వైద్యులు బొగ్గు గని కార్మికులకు వచ్చే జ్వరాన్ని పరిశోధిస్తూ దీని క్రిమిని కనుగొన్నారు. తడిలో, బురదలో, ఎలుకలున్న చోట పనిచేసేవాళ్లందరికీ ఇది వస్తుంది. అందులో మొదటి వరుసలో ఉన్నది వరి పండించేవాళ్లు. ప్రపంచంలో ఏటా 10 లక్షల మందికి పైగా దీని బారిన పడుతున్నారని, దాదాపు 59 వేల మంది చనిపోతున్నారని 2015లో వచ్చిన అంచనా.

ఈ క్రిమి ఎలుక, పందికొక్కు కిడ్నీలలో కాపురం ఉంటుంది. ఎలుకకు జబ్బు చేయదు. అది బతికినంత కాలం దాని మూత్రంలో క్రిమి బయటికి వస్తూనే ఉంటుంది. కుక్కలు, పందులు, ఆవులు, గేదెలు కూడా దీన్ని మోయగలవు. ఆ మూత్రం మడి నీళ్లలో, బోదెలో, పాకలోని బురదలో కలుస్తుంది. తడి ఉన్నచోట క్రిమి వారాల తరబడి బతికి ఉంటుంది. బాగా ఎండితే చస్తుంది. అందుకే వానలప్పుడు, వరదల తర్వాత ఈ జబ్బు పెరుగుతుంది.

మనిషి ఒంట్లోకి అది వచ్చే దారులు మూడు. మొదటిది కాళ్లకు చేతులకు ఉన్న గాట్లు, పగుళ్లు, ఒరుపులు. రెండోది రోజంతా నీళ్లలో నాని మెత్తబడిన చర్మం. మూడోది కళ్లు, ముక్కు, నోరు. బోదె నీళ్లతో ముఖం కడుక్కున్నా, ఆ చేత్తోనే అన్నం తిన్నా చాలు. ఊడ్చేవాళ్లకు ఈ మూడు దారులూ తెరిచే ఉంటాయి. క్రిమి ఒంట్లో చేరిన తర్వాత ఎక్కువగా వారం, రెండు వారాల లోపు జ్వరం వస్తుంది. కొందరికి నెల దాకా పట్టవచ్చు. అప్పటికి ఊడ్పులు అయిపోయి ఉంటాయి గనుక, జ్వరానికీ మడికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది మనిషి నుంచి మనిషికి అంటడం చాలా అరుదు. అంటువ్యాధి అనే మాట వినగానే రోగిని దూరం పెట్టడం, ఆ ఇంటి గడప తొక్కకపోవడం కరోనా రోజుల్లో చూశాం. ఇక్కడ దానికి అర్థం లేదు. రోగి పక్కన కూర్చోండి, ఆసుపత్రికి తోడు వెళ్లండి.

గుర్తు పట్టేదెలా?

హఠాత్తుగా ఎక్కువ జ్వరం, చలి, విపరీతమైన తలనొప్పి, నడుము నొప్పి, ముఖ్యంగా పిక్కలు ముట్టుకుంటే భరించలేని నొప్పి, కలక లేకుండానే కళ్లు ఎర్రబడడం, వాంతులు. ఊడ్పుల కాలంలో ఇవి కనిపిస్తే ఎలుక జ్వరమని అనుమానించాలి. చాలామందికి అంతటితో తగ్గిపోతుంది. కొందరికి మాత్రం కామెర్లు వస్తాయి, మూత్రం తగ్గిపోతుంది, ఊపిరితిత్తుల్లో రక్తం చేరి ఆయాసం, దగ్గులో రక్తం కనబడతాయి. అవి వచ్చాక ప్రతి గంటా విలువైనదే.

మన ఊళ్లలో వానాకాలం ఏ జ్వరమొచ్చినా వైడల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అనడం అలవాటైపోయింది. వైడల్ ఒక్కసారి పాజిటివ్ వచ్చినంత మాత్రాన టైఫాయిడ్ అని తేల్చడానికి లేదు. ఈ జ్వరంలో ప్లేట్‌లెట్లు కూడా తగ్గుతాయి గనుక డెంగీ అనుకునే ప్రమాదం కూడా ఉంది. కామెర్లు కనబడితే పసరు వైద్యానికి పరుగెత్తుతున్నాం. కిడ్నీలకు దెబ్బ తగిలే జ్వరంలో నొప్పి తగ్గాలని వేసే సూదులు ఇంకా చేటు చేయవచ్చు.

ఎలుక జ్వరాన్ని పట్టే ఐజీఎం పరీక్ష మొదటి నాలుగైదు రోజుల్లో నెగెటివ్ రావచ్చు. ఫలితం కోసం ఆగకుండా అనుమానంతోనే మందు మొదలుపెట్టడం దీనికి సరైన పద్ధతి. మొదట్లోనే పట్టుకుంటే డాక్సీసైక్లిన్ లాంటి మామూలు మాత్రలు సరిపోతాయి. అవి ఖరీదైనవి కావు. ముదిరితే పెన్సిలిన్, సెఫ్ట్రియాక్సోన్ సూదులు, ఆ పైన డయాలసిస్. మొదటి వారంలో కొద్ది రూపాయలతో పోయే జబ్బు రెండో వారంలో లక్షల అప్పు చేయిస్తోంది. కాబట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లగానే, ఆయన అడగకపోయినా, ‘‘నేను మడిలో దిగాను, ఊడ్పులు చేశాను’’ అని చెప్పండి. ఆ ఒక్క మాట వైద్యాన్ని మార్చగలదు.

మన చేతిలో ఉన్నవి

బూట్లు, తొడుగులు వేసుకోమని డాక్టర్లు చెబుతారు. పాక శుభ్రం చేసేటప్పుడు, మురుగు బోదె తవ్వేటప్పుడు, ఎరువు ఎత్తేటప్పుడు బూట్లు తప్పక వేసుకోవాలి. కానీ దమ్ము చేసిన మడిలో బూటు దిగితే కాలు వస్తుంది, బూటు రాదు. వంగి ఊడ్చే ఆడవాళ్లు బూట్లతో ఎకరా పూర్తి చేయలేరు. అందుకని అక్కడ చేయగలిగినవి చేద్దాం. కాలికో చేతికో గాయం ఉంటే నీళ్లు చొరని ప్లాస్టర్ వేసుకోవాలి. పెద్ద గాయమైతే మానేదాకా మడిలో దిగకూడదు. తాగడానికి, ముఖం కడగడానికి మంచినీళ్లు బిందెతో గట్టు మీద ఉంచాలి. పని ఆపగానే సబ్బుతో కాళ్లు చేతులు కడుక్కున్నాకే అన్నం ముట్టాలి. అన్నం క్యారియర్ గట్టు మీద మూత లేకుండా వదలకూడదు. బిందె, సబ్బు, ప్లాస్టర్ సిద్ధం చేసే బాధ్యత చేను గలవాళ్లది. దానికయ్యే ఖర్చు ఎకరాకు చల్లే ఒక్క మందు డబ్బా ధర కూడా కాదు.

ఇంటి దగ్గర ధాన్యం బస్తాలు, దాణా నేల మీద కాకుండా బల్ల మీద పెట్టాలి. పాకలో మూత్రం నిలవకుండా కాలువ తీయాలి. పశువు ఈసుకుపోతే ఆ పిండాన్ని, మావిని ఉత్త చేతులతో తీయవద్దు. ఎలుక జ్వరం క్రిమి, బ్రూసెల్లా క్రిమి రెండూ అలాగే అంటుతాయి. లోతుగా గుంట తీసి సున్నం వేసి పూడ్చి, పశువుల డాక్టర్‌కు చెప్పాలి. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యలకు బ్రూసెల్లా టీకా ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది. వేయించుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం ఎలుకల పని పట్టడం. ఇది ఒక్కడి వల్ల అయ్యేది కాదు. నేను నా చేలో మందు పెడితే పక్క చేలో ఎలుక నాలుగు రోజుల్లో నా చేలోకి వస్తుంది. ఊరంతా ఒకే రోజున, పైరు పొట్టకు రాకముందే చేయాలి. ఒక రోజు గట్ల మీద బొరియలన్నీ మట్టితో మూసేయాలి. మర్నాడు తెరిచి ఉన్నవే ఎలుకలున్న బొరియలు. వంద భాగాల ఎరలో 96 భాగాలు నూకలు, 2 భాగాలు నూనె, 2 భాగాలు బ్రోమోడయోలోన్ పొడి కలిపి, పది పదిహేను గ్రాముల పొట్లాలు కట్టి ఒక్కో బొరియలో లోపలికి పెట్టాలి. కలిపే చేతికి తొడుగు ఉండాలి. అది విషం. పిల్లలకు, కోళ్లకు, కుక్కలకు అందకూడదు. చచ్చిన ఎలుకలను కర్రతో తీసి పూడ్చాలి. దీనివల్ల పంట దక్కుతుంది, మనిషీ దక్కుతాడు.

ఇక్కడ యానాదుల మాట చెప్పుకోవాలి. తరతరాలుగా మన గట్లు తవ్వి, పొగబెట్టి, ఉత్త చేతులతో ఎలుకలు పట్టి మన ధాన్యం కాపాడింది వాళ్లు. ఈ జబ్బు ముప్పు అందరికన్నా ఎక్కువ వాళ్లకే. ఎలుకకింత అని లెక్కగట్టి ఇచ్చి పంపేయడం ఇక చాలదు. తొడుగులు, బూట్లు ఇవ్వడం, జ్వరమొస్తే ఆసుపత్రికి చేర్చడం మన పూచీ.

ప్రభుత్వం చేయవలసినవి

జాగ్రత్తలు చెప్పి చేతులు దులుపుకోవడం మా ఉద్దేశం కాదు. కేరళలో 2018 వరదల తర్వాత ఈ జ్వరం విజృంభించినప్పుడు అక్కడి ప్రభుత్వం బురదలో పనిచేసేవాళ్లకు వారానికి ఒకసారి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ముందు జాగ్రత్తగా పంచింది. అది పూర్తి రక్షణ కాదు, గర్భిణులకు చిన్నపిల్లలకు ఇవ్వకూడదు, డాక్టర్ చెప్పకుండా మనంతట మనం మింగకూడదు. అయినా ప్రమాదం ఎక్కువున్న చోట చేయదగిన పనే. దక్షిణ గుజరాత్‌లో సూరత్, నవ్సారి, వల్సాడ్ జిల్లాల వరి, చెరకు రైతులు ఏటా వానాకాలం ఈ జ్వరంతో పోరాడుతున్నారు. కేంద్రం చేపట్టిన నివారణ కార్యక్రమం మొదట గుజరాత్, కేరళ, తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలలో మొదలైంది. మన డెల్టాలలో మడి నీళ్లు తక్కువా, ఎలుకలు తక్కువా? మన దగ్గర పరీక్షలు తక్కువ. పరీక్ష లేకపోతే లెక్క ఉండదు. లెక్కలో లేని జబ్బుకు బడ్జెట్ ఉండదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో లెప్టోస్పైరోసిస్ పేరు ఉంది. అంటే ఇది పని వల్ల వచ్చే జబ్బని ప్రపంచం ఒప్పుకుంది. మన కౌలు రైతు మాత్రం జ్వరమొచ్చి పోయినవాడి కిందే లెక్క. తెలంగాణలో 2018 ఆగస్టు నుంచి ఉన్న రైతు బీమా ఏ కారణంతో చనిపోయినా 5 లక్షలు ఇస్తుంది, కానీ పట్టాదారుకే. మడిలో దిగేది కౌలుదారు, కూలీ. బీమా వాళ్లకు చేరకపోతే ఎవరికోసం?

అందుకని మన సంఘం ఈ కోర్కెలు ముందుకు తెస్తోంది. ఊడ్పుల కాలంలో ప్రతి పీహెచ్‌సీలో డాక్సీసైక్లిన్ నిల్వ ఉండాలి. ఐజీఎం ఎలైజా పరీక్ష ఏరియా ఆసుపత్రిలో ఉచితంగా చేయాలి. ప్రతి కేసును నమోదు చేసి జిల్లాల వారీ లెక్కలు ప్రకటించాలి. ఎలుకల మందు రైతు సేవా కేంద్రాల ద్వారా ఉచితంగా, సమయానికి ఇవ్వాలి. పని వల్ల వచ్చిన జబ్బుతో చనిపోయిన కౌలు రైతు, కూలీ కుటుంబాలకు యజమాని సంతకంతో నిమిత్తం లేకుండా పరిహారం ఇవ్వాలి.

గ్రామ కమిటీలు ఈ నెలలోనే ఒక సమావేశం పెట్టాలి. ఆశా కార్యకర్తను, పీహెచ్‌సీ డాక్టర్‌ను, పశువుల డాక్టర్‌ను, ఊళ్లో ఆర్‌ఎంపీలను పిలవండి. ఆర్‌ఎంపీలను తిట్టడానికి కాదు. జ్వరమొస్తే జనం ముందు వెళ్లేది వాళ్ల దగ్గరికే, కాబట్టి ఈ జబ్బు గుర్తులు ముందు వాళ్లకే తెలియాలి. ఊడ్పు ముఠాల మేస్త్రీలను, ఆడకూలీలను తప్పక పిలవండి. ఎలుకల మందు పెట్టే తేదీ అక్కడే ఖాయం చేయండి.

ఆ కౌలు రైతు భార్య ఈ ఏడాది కూడా ఊడ్పులకు వెళుతోంది. వెళ్లక తప్పదు, అప్పు ఉంది. పరిహారం అర్జీ మీద ఆమె చేత వేలిముద్ర వేయించాం, తిరుగుతున్నాం. ఇంకో ఇంటికి అలాంటి అర్జీ రాయవలసిన అవసరం ఈ సార్వాలో రాకూడదు. ఎవరైనా జ్వరమని తువ్వాలు కప్పుకుని సమావేశానికి వస్తే ఇంటికి పంపకండి. బండి ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లండి.