డిక్కీ పోతే పోనీ, ట్యాంకు కారు కింద పెట్టించొద్దు

కారుకి ఎల్‌పీజీ కిట్టు పెట్టిస్తున్నారా అన్నా? ట్యాంకు ఎక్కడన్నది మెకానిక్కుని కాదు, మన డొంకని అడగండి.

"కింద బిగించేద్దాం, డిక్కీ ఖాళీగా ఉంటది" అంటాడు. బెజవాడలో తిరిగే కారుకైతే సరే. చల్లపల్లి నుంచి కాలవ గట్టెక్కి చేలోకి పోయే కారుకా? ట్రాక్టర్ గాళ్ల మధ్య దిబ్బ తగిలేది ఆ ట్యాంకుకే! వానాకాలం బురద, తుప్పు సరేసరి.

స్టెప్నీ గుంటలో గుండ్రటి ట్యాంకు పడుతుంది, నిజమే. మరి స్టెప్నీ ఇంట్లో వదిలేసి, రాత్రిపూట మోపిదేవి దగ్గర పంక్చరైతే ఏం చేస్తారు? పైగా వెనక నుంచి లారీ గుద్దితే ముందు నలిగేది ఆ చోటే.

వెనక సీటుకి ఆనించి, అడ్డంగా, గట్టి బోల్టులతో పెట్టించండి. రెండు మినుముల బస్తాల చోటు పోద్ది, పోనీయండి. ఈ గ్యాసు గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, డిక్కీ అడుగునే కూర్చుంటది. అందుకే వాల్వుకి బిగువైన మూత, దాన్నుంచి కారు బయటికి గొట్టం లేకుండా బండి తీసుకోవద్దు. 80 శాతానికి మించి నింపనీయొద్దు. ఆర్సీలో ఎక్కించుకోండి.

వంటింటి సిలిండర్ డిక్కీలో పెట్టుకు తిరిగేవాళ్లు మనలోనే ఉన్నారు. అది నేరమని మీకూ తెలుసు. దానికి జానెడు ముందు సీట్లో కూర్చునేది మీ పిల్లలేగా?