పుంజో పెట్టో ముందు తెలిసినోడిదే లాభం

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. కోడిపిల్లల గురించి రాస్తున్నా. ఇందులో రాయడానికేముంది అనుకోవద్దు. హాస్టళ్ళలో చదివిన మనలో చాలామందికి బస్సు చార్జీ, పరీక్ష ఫీజు వచ్చింది అమ్మ సంతలో అమ్మిన కోడి నుంచే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పిల్ల పుంజో పెట్టో ఎవరికి ముందు తెలిస్తే లాభం వాళ్ళది. ఇప్పుడు ఆ లాభం సంతకొచ్చే బేరగాడికి పోతోంది. మన అమ్మలకి తెలియక కాదు. వాళ్ళకి తెలిసినదానికి ఇంట్లోగానీ, పథకాల్లోగానీ, చదువుకున్న మన దగ్గరగానీ విలువ లేక.

సంతలో గమనించండి. రెండు నెలల పిల్లల్ని గంపలో పెట్టి "పిల్ల ఇంత" అని ఒకే ధర చెప్తారు. బేరగాడు ఒక్కోదాన్ని పైకెత్తుతాడు. తల చూస్తాడు, కాళ్ళు చూస్తాడు, నడుం మీద ఈకలు నిమిరి చూస్తాడు. తనకి కావలసినవి ఏరుకుని, మిగతావి గంపలోనే వదిలేస్తాడు. ఏరుకున్నవి పుంజులైతే, సంక్రాంతి ముందు వాటి ధర ఎక్కడికి పోతుందో మీకు తెలుసు. పెట్టలైతే ఇంకా నష్టం. పుంజు పోతే ఒక కోడి పోయినట్టు. పెట్ట పోతే వచ్చే ఏడాది గుడ్లు, పిల్లలు అన్నీ పోయినట్టు. ఎనిమిది, పది పెట్టలకి ఒక పుంజు సరిపోతుంది. కాబట్టి ఏది ఉంచాలి, ఏది అమ్మాలి అన్నదే ఇంటి లెక్క. ఆ లెక్క తేలకముందే గంప సంతకి పోతోంది.

ఇక ఎలా తెలుస్తుంది అన్న సంగతి. గుడ్డు కోలగా ఉంటే పుంజు, గుండ్రంగా ఉంటే పెట్ట అని మన ఊళ్ళలో చాలామంది నమ్ముతారు. పెద్దవాళ్ళ మీద గౌరవంతోనే చెప్తున్నా, ఇది నిలబడదు. గుడ్డు ఆకారం పెట్టని బట్టి ఉంటుంది. కోలగుడ్లు పెట్టే పెట్ట దాదాపు ఎప్పుడూ కోలగుడ్లే పెడుతుంది. దాని కింద పుంజులూ వస్తాయి, పెట్టలూ వస్తాయి. పిల్ల ఏదన్నది పెంకు తయారవకముందే తేలిపోతుంది. మనుషుల్లో బిడ్డ ఆడో మగో తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమ్ తేలుస్తుంది కదా, కోళ్ళలో తల్లి తేలుస్తుంది. పుంజుకి రెండు జెడ్‌లు, పెట్టకి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. గుడ్డు మాట సగంసార్లు నిజమయినట్టు కనిపిస్తుంది. నాణెం ఎగరేసి చెప్పినా సగంసార్లు నిజమే అవుతుంది.

పుట్టిన రోజే రెక్క ఈకలు చూసి చెప్పొచ్చని వీడియోలు తిరుగుతున్నాయి. అది అబద్ధం కాదు, కానీ మనకి పనికిరాదు. తండ్రిది త్వరగా ఈకలొచ్చే వంశం, తల్లిది ఆలస్యంగా వచ్చే వంశం అయ్యేలా హేచరీలో జత కట్టించిన పిల్లల్లోనే అది పనిచేస్తుంది. మన పెరట్లో ఏ పుంజు ఏ పెట్టతో తిరిగిందో ఎవరికి తెలుసు? పిల్ల వెనకభాగం నొక్కి చూసి చెప్పే పద్ధతి ఇంకోటి ఉంది. జపాన్‌లో పుట్టింది, 1930ల నుంచి ప్రపంచమంతా పాకింది. దానికి చాలాకాలం శిక్షణ కావాలి. రానివాళ్ళు నొక్కితే పిల్ల చస్తుంది. దాని జోలికి పోవద్దు.

మనకి పనికొచ్చేది అమ్మలు, అమ్మమ్మలు చూసే పద్ధతే. నాలుగో వారానికి పెట్టపిల్లకి తోక, రెక్కలు ముందుగా నిండుతాయి. పుంజుపిల్ల వీపు మీద బోసిగా, తోక మొండిగా ఉంటుంది. అప్పటికి అది అంచనా మాత్రమే. 6 నుంచి 8 వారాలకి పుంజుపిల్ల జుట్టు ఎర్రబడి పెరుగుతుంది, కాళ్ళు లావుగా ఉంటాయి, నిలువుగా నిలబడుతుంది. పెట్టపిల్ల జుట్టు చిన్నగా, పాలిపోయినట్టు ఉంటుంది. 12 వారాలు వచ్చేసరికి నడుం మీద, తోక మొదట్లో సన్నగా, మొన తేలి, మెరిసే ఈకలొస్తే అది పుంజు. మొన గుండ్రంగా ఉంటే పెట్ట. అన్నిటికంటే నమ్మదగిన గుర్తు ఇదే. అసీల్ కలిసిన పిల్లల్లో జుట్టు చూసి మోసపోవద్దు. వాటికి జుట్టు బఠాణీలా అణిగి ఉంటుంది, పుంజులో కూడా అంత పెరగదు. అక్కడ ఈకలే చూడాలి. కూత కోసం ఆగినా లాభం లేదు. పెద్ద పుంజు ఉన్న పెరట్లో చిన్న పుంజు చాలాకాలం నోరెత్తదు.

ఇప్పుడు పథకాల సంగతి. పెరటి కోళ్ళ కింద వనరాజా, గ్రామప్రియ లాంటి రకాలు పంచుతారు. రెండూ మన రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థలో తయారైనవే. వనరాజా మాంసానికీ గుడ్లకీ, గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకి. గుడ్ల కోసం పిల్లలిస్తున్నాం అని చెప్పినప్పుడు అందులో పెట్టలెన్నో కూడా చెప్పాలి కదా? ఎవరూ చెప్పరు, మనమూ అడగం. పుంజులెక్కువ వస్తే "మీ అదృష్టం" అంటారు.

అదృష్టమో కాదో లెక్క చెప్తుంది. విడదీయకుండా పది పిల్లలిస్తే, 8 లేదా అంతకంటే ఎక్కువ పుంజులు రావడం సుమారు 18 ఇళ్ళలో ఒక ఇంటికి జరుగుతుంది. ఆ ఇంటిది నిజంగా అదృష్టమే అనుకుందాం. కానీ ఊళ్ళో 30 ఇళ్ళకి 300 పిల్లలు వచ్చి, అందులో 200 పుంజులైతే అది అదృష్టం కాదు. ఎక్కడో పెట్టల్ని ముందే ఏరేశారని అర్థం. ఒక ఇల్లు ఒక్కటే ఉంటే ఈ మాట అనలేదు. ఊరంతా కలిపి లెక్కపెడితే అనగలదు. లెక్క రాసిపెట్టడం మన పని, డిగ్రీలు చదువుతున్నది ఎందుకు మరి?

గుడ్ల కంపెనీల హేచరీల్లో పుంజుపిల్లకి విలువ లేదు, పుట్టిన రోజే చంపేస్తారు. జర్మనీ 2022 నుంచి దాన్ని నిషేధించింది. మన దగ్గర పుంజు వృథా కాదు. అమ్మవారికి అదే, అల్లుడొస్తే అదే, సంతలో డబ్బూ అదే. అందుకని "పుంజులు ఇవ్వొద్దు" అని నేననడం లేదు. ఏది ఎన్ని ఇచ్చారో చెప్పి ఇవ్వమంటున్నా.

"చేతిలో డబ్బు లేనప్పుడు 12 వారాలు ఎవరాగుతారు" అని అడుగుతారు. నిజమే. కొక్కెర తెగులు వస్తే గంపకి గంపే పోతుంది, ఆ భయంతోనే తొందరపడి అమ్ముతారు. టీకా లేకుండా ఆగమని చెప్పడం తప్పు. కానీ అన్నీ ఆపనక్కర్లేదు. 8 వారాలప్పుడు కచ్చితంగా పుంజు అనిపించినవి పుంజు ధరకే అమ్మండి. పెట్టలు ఇంట్లో ఉంచండి. అనుమానం ఉన్నవి ఇంకో నెల ఆపండి. సంతకి ఒక గంప కాకుండా రెండు గంపలు తీసుకెళ్తే చాలు, బేరం మాట మారుతుంది.

ఈసారి సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు ఒక పని చేద్దాం. నాలుగు వారాల పిల్లలకి అమ్మని చూడమనండి. పుంజు అన్నదానికి ఎర్ర దారం, పెట్ట అన్నదానికి తెల్ల దారం కాలికి వదులుగా కట్టండి. కాలు పెరుగుతుంది కాబట్టి వారానికోసారి విప్పి కట్టాలి, లేకపోతే కోసుకుపోతుంది. ఏ గుర్తు చూసి చెప్పిందో రాయండి. దాన్ని కువిలోనో, కోయలోనో, సవరలోనో, ఆదివాసీ ఒరియాలోనో ఏమంటారో ఆ మాటే తెలుగు అక్షరాల్లో రాయండి. 16 వారాలకి సరిచూడండి. మీరు హాస్టల్‌కి వెళ్ళిపోతే చెల్లెలికో తమ్ముడికో అప్పగించండి.

తప్పిన గుర్తులు వదిలేద్దాం, నిలిచినవి ఉంచుకుందాం. మన పెద్దల జ్ఞానం గొప్పదని సభల్లో చెప్పుకోవడం కంటే, అది ఎన్నిసార్లు సరిపోయిందో అంకెల్లో చూపిస్తే ఎక్కువ గౌరవం. మీ ఊరు, పిల్లలెన్ని, పుంజులెన్ని, పెట్టలెన్ని, ఈ నాలుగూ ఇక్కడే రాయండి. పథకం పిల్లలైతే ఆ సంగతి విడిగా రాయండి. వచ్చే విడత పంచడానికి వచ్చినప్పుడు ఆ కాగితం పట్టుకుని అడుగుదాం.