మెకాఫ్రీకి అన్యాయం

అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియన్ మెకాఫ్రీ కరోలినా ప్యాంథర్స్ జట్టులో విఫలమయ్యాడని మీ ఆదివారం వ్యాసం తేల్చేసింది. ఇది పూర్తిగా తప్పు. 2020, 2021లలో గాయాలు అతన్ని చాలా మ్యాచ్‌లకు దూరం చేసిన మాట నిజం. మరి 2019 సంగతేమిటి? ఆ సీజన్‌లో ప్యాంథర్స్ తరఫున బంతి పట్టుకుని పరిగెత్తి 1,387 గజాలు, పాసులు అందుకుని 1,005 గజాలు సాధించాడు. ఒకే సీజన్‌లో రెండింటా వెయ్యి దాటినవాళ్లు అంతకుముందు ఇద్దరే: రోజర్ క్రెయిగ్, మార్షల్ ఫాక్. ఆ ఏడాది జట్టు గెలిచింది 5 మ్యాచ్‌లే. ఆ ఓటములన్నీ ఇతని ఖాతాలో వేస్తారా?

స్టాన్‌ఫర్డ్ కాలేజీ రోజులను మీ రచయిత ఒక్క వాక్యంతో దాటేశారు. 2015లో పరుగులు, పాసులు, రిటర్న్‌లు కలిపి అతను సాధించినవి 3,864 గజాలు! 1988 నుంచి నిలిచిన బ్యారీ శాండర్స్ రికార్డు 3,250. ఇంత చేసినా కాలేజీ ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ డెరిక్ హెన్రీకి వెళ్లింది. నాకు ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఆ బహుముఖ నైపుణ్యమే 2022 అక్టోబరులో అతను చేరిన ఫార్టీనైనర్స్ జట్టుకు కలిసొచ్చింది. వచ్చిన నెలలోనే రామ్స్‌పై ఒకే మ్యాచ్‌లో ఒక టచ్‌డౌన్ పాస్ విసిరాడు, మరొకటి అందుకున్నాడు, ఇంకొకటి పరిగెత్తి సాధించాడు. 2023లో లీగ్ ఉత్తమ అఫెన్సివ్ ఆటగాడు అతనే. దయచేసి సవరణ ప్రచురించండి.

— ఒక పాఠకుడు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా