కుట్ల మీద పసుపు ముద్ద

పెంపుడు కుక్కకో, పిల్లికో పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ పశువైద్యంలో అతి మామూలు శస్త్రచికిత్సల్లో ఒకటి. ఆడదానికి మత్తిచ్చి, పొట్ట కోసి అండాశయాలను, చాలాసార్లు గర్భసంచిని కూడా తీసేస్తారు. మగదానికి వృషణాలు తీసేస్తారు. చేయి తిరిగిన డాక్టరుకు మొదటిది అరగంట అటూఇటూ, రెండోది అంతకన్నా తక్కువ సమయం పట్టే పని. ప్రభుత్వ పశువైద్యశాలల్లో, తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో, 1992లో అక్కినేని అమల హైదరాబాద్‌లో స్థాపించిన బ్లూ క్రాస్ లాంటి సంస్థల్లో ఇలాంటి వైద్యం ప్రైవేటు క్లినిక్కుల కంటే తక్కువ ఖర్చుకు దొరుకుతుంది.

తక్కువ ఖర్చు అనగానే నాసిరకం అనుకోవడం మొదటి అపోహ. డాక్టర్ల జీతాలు, భవనం ఖర్చు ప్రభుత్వమో దాతలో భరిస్తారు. ఒకే రోజు వరసగా ఎన్నో ఆపరేషన్లు జరుగుతాయి. ధర తగ్గేది అందుకే. కోత అదే, కుట్టు అదే. కాకపోతే ఖరీదైన క్లినిక్కులో ముందుగా జరిగే రక్తపరీక్ష, గ్యాస్ మత్తు, సెలైన్, రాత్రంతా ఆసుపత్రిలోనే ఉంచుకోవడం లాంటివి ఇక్కడ కొన్నిచోట్ల ఉండవు. ఆ లోటు పూడ్చాల్సింది ఇంటివాళ్లు. ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు ఇంట్లో ఏం జరుగుతుందన్నదే ఫలితంలో పెద్ద భాగాన్ని నిర్ణయిస్తుంది. మూఢనమ్మకాలు ఎక్కువ చెడు చేసేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే.

అన్నిటికన్నా బలమైనది పాపమన్న భావన. నోరులేని జీవి వంశం ఆపితే మన వంశం నిలవదని, కోడలికి కడుపు పండదని భయపెట్టే పెద్దలు ఇంకా ఉన్నారు. ఈ భయం నిజంగా జంతువు మీద దయలోంచే పుట్టి ఉంటే పశువులన్నిటికీ ఒకేలా వర్తించాలి. కోడెదూడకు విత్తులు కొట్టించడం పల్లెల్లో తరతరాలుగా సాగిన పని. నాలుగు కాళ్లూ కట్టి, నేల మీద పడేసి, మత్తన్నదే లేకుండా నలగ్గొట్టేవారు. తర్వాత పశువైద్యశాలల్లో బర్డిజ్జో పట్టకారు వచ్చింది. దుక్కికి లొంగే ఎద్దు కావాలి కాబట్టి ఆ ఇంటి వంశం ఆగిపోతుందని ఏ పెద్దా అనలేదు. ఆగిపోనూ లేదు. నొప్పి తెలియకుండా మత్తిచ్చి, ఆ జంతువు మేలు కోసమే చేసే ఆపరేషన్ మాత్రం పాపమైంది. తమకు అవసరమైనప్పుడు ఒకలా, అవసరం లేనప్పుడు ఇంకోలా మారే పాపానికి జీవకారుణ్యంతో సంబంధం లేదు.

అవే ఇళ్లలో కుక్క కాలభైరవుడి వాహనం. దత్తాత్రేయుడి పటంలో నాలుగు కుక్కలు కనిపిస్తాయి. శనిదోషం పోవాలని శనివారం నల్లకుక్కను వెతికి రొట్టె పెడతారు. రొట్టె తిన్న ఆ కుక్క ఏడాదికి సుమారు రెండుసార్లు ఎదకు వస్తుంది. 63 రోజులు అటూఇటూగా మోసి, ఒక్కో ఈతలో నాలుగు నుంచి ఎనిమిది పిల్లలు పెడుతుంది. వాటిలో చాలా భాగం చక్రాల కిందో, పార్వో జబ్బుతోనో, ఆకలితోనో పోతాయి. ఇంటి కుక్క పెట్టిన పిల్లల గతీ అన్నిసార్లూ మెరుగ్గా ఉండదు. మగపిల్లలను అడిగి తీసుకుపోయేవాళ్లు ఉంటారు. ఆడపిల్లలను గోనెసంచిలో వేసి మార్కెట్ దగ్గరో గుడి దగ్గరో వదిలేసి వస్తారు. అది మాత్రం పాపాల లెక్కలోకి రాదు.

ఇంకో నమ్మకం కొంచెం వైద్యం రంగు పూసుకుని వస్తుంది: ఒక్క ఈతైనా ఈనితేనే ఆడకుక్క ఆరోగ్యంగా ఉంటుందని, తల్లి కాకపోతే పిచ్చెక్కుతుందని. దీనికి ఆధారం లేదు. కుక్కకు తల్లి కావాలన్న ఊహ ఉండదు, ఉండేది హార్మోన్ల ప్రేరణ. పైగా ఎదకు వచ్చిన ప్రతిసారీ ప్రొజెస్టెరాన్ ప్రభావంతో గర్భసంచి లోపలి పొర మందమవుతుంది. అందులోకి బ్యాక్టీరియా చేరితే చీము నిండుతుంది. దాన్నే పయోమెట్రా అంటారు. ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో దాదాపు నాలుగో వంతుకు పదేళ్లలోపు ఈ జబ్బు వచ్చినట్లు స్వీడన్ బీమా లెక్కల్లో తేలింది. ఎద ముగిసిన ఒకటి రెండు నెలలకు కుక్క తిండి మానేసి, నీళ్లు తెగ తాగుతూ మూలన పడుకుంటే చాలామంది దిష్టి తీస్తారు. లోపల చీము పెరుగుతూనే ఉంటుంది. అప్పుడు కూడా అదే ఆపరేషన్ చేయాలి, కాకపోతే ప్రాణాపాయం మధ్య, ఎన్నో రెట్ల ఖర్చుతో. ఎద రాకుండా వేయించే హార్మోన్ ఇంజెక్షన్లు ఈ ముప్పును తగ్గించవు, పెంచుతాయి.

మగకుక్క విషయంలో వాదన మారుతుంది. మగతనం పోతే కాపలా కాయదని, పేడిదైపోతుందని అంటారు. ఇంటిని కాయడం వృషణాలు చేసే పని కాదు. అది ఆ కుక్క జాతి, పెంపకం, తన చోటు మీద దానికున్న మమకారాల నుంచి వచ్చేది. ఆపరేషన్ తర్వాత తగ్గేవి ఆడకుక్క కోసం గోడ దూకి పారిపోవడం, కనిపించిన ప్రతి స్తంభానికీ మూత్రం పోయడం, ఎదకాలపు కొట్లాటలు. అసలు ఇక్కడ కనిపించేది మనుషుల పక్షపాతమే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల భారం దాదాపు అంతా ఆడవాళ్ల మీదే పడుతోంది. మగవాడికి చేసేది చిన్న ఆపరేషనే అయినా అతనికి నీరసం వస్తుందన్న భయం ఇప్పటికీ పోలేదు. అదే బుద్ధి కుక్కల దాకా వచ్చింది. “మాది మగది కదా, మాకెందుకు?” అని తప్పుకునేవారి కుక్క ఒక్క ఎదకాలంలో వీధిలో ఎన్ని ఆడకుక్కలకు చూలు కట్టించగలదో ఎవరూ లెక్క వేయరు.

హేతువాదమంటే పాత నమ్మకాన్ని తీసేసి ఆ చోట కొత్తదాన్ని పెట్టుకోవడం కాదు కాబట్టి, ఆపరేషన్ పేరున చెప్పే లాభాలను కూడా పరీక్షించాలి. మొదటి ఎదకు ముందే ఆపరేషన్ చేస్తే రొమ్ము కణుతుల ముప్పు అర శాతానికి పడిపోతుందన్న లెక్క 1969 నాటి అమెరికా అధ్యయనంలోది. 2012లో బ్రిటన్ పరిశోధకులు ఆ కోవలోని అధ్యయనాలన్నీ పరిశీలించి, ఆధారం బలహీనంగా ఉందన్నారు. లాభం ఉండవచ్చు, అంత కచ్చితమైన అంకె మాత్రం నిలబడదు. గోల్డెన్ రిట్రీవర్లపై కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2013లో వెలువరించిన అధ్యయనంలో, ఏడాదిలోపే ఆపరేషన్ అయిన కుక్కల్లో కీళ్ల జబ్బులు ఎక్కువగా కనిపించాయి. అందుకే పెద్ద జాతులకు ఎదుగుదల పూర్తయ్యేదాకా ఆగమని చెప్పే డాక్టర్లున్నారు. పిల్లుల సంగతి వేరు. నాలుగైదు నెలలకే అవి చూలు కట్టగలవు, వాటికి ఆలస్యం పనికిరాదు. ఆపరేషన్‌తో ప్రతి కుక్కా సాధువైపోతుందన్న మాట కూడా నిజం కాదు. భయంతో కరిచే కుక్క ఆ తర్వాతా కరవవచ్చు.

ఇక ఆపరేషన్‌కు సిద్ధం చేయడం. అమావాస్య, మంగళవారం, మూఢం, ఇంట్లో గర్భిణి ఉండటం లాంటి కారణాలతో ఆసుపత్రి ఇచ్చిన తేదీని వదులుకునే కుటుంబాలున్నాయి. తక్కువ ఖర్చుకు చేసే చోట ఒక తేదీ పోతే మళ్లీ వంతు రావడానికి వారాలు పట్టవచ్చు. ఈలోగా ఎద వస్తుంది. ఎదలో ఉన్నప్పుడు గర్భసంచికి రక్తప్రసారం ఎక్కువ, కోస్తే నెత్తురు ఎక్కువ పోతుంది. అందుకని చాలామంది డాక్టర్లు ఎద ముగిశాక ఒకటి రెండు నెలలు ఆగమంటారు. తిథి చూసి ఆపిన ఆపరేషన్ అలా నెలల తరబడి వెనక్కి పోతుంది. ఒక్కోసారి ఆ నెలల్లోనే చూలు నిలుస్తుంది.

పంచాంగం బదులు చూడాల్సింది కుక్క చెవుల లోపల, కాలి వేళ్ల సందుల్లో. అక్కడ పిడుదులుంటే అసలు ముహూర్తదోషం అదే. మన వేడి ప్రాంతాల్లో పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా జ్వరం ఎక్కువ. అది రక్తంలో ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది. కుక్క పైకి హుషారుగానే కనిపిస్తుంది, కోత పెట్టాక మాత్రం నెత్తురు ఆగదు. పిడుదులున్న కుక్కకు, ఈమధ్య జ్వరం వచ్చిన కుక్కకు రక్తపరీక్ష చేయించకుండా ఆపరేషన్ బల్ల ఎక్కించకూడదు. ఆసుపత్రిలో ఆ పరీక్ష లేకపోతే బయట చేయించడమే మేలు. మిగతా ఖర్చంతా తగ్గినా ఈ ఒక్క ఖర్చు తగ్గించుకోదగ్గది కాదు. నులిపురుగుల మందు, టీకాలు రెండు వారాల ముందే అయిపోవాలి. స్నానం ముందురోజే చేయించాలి, కుట్లు తీసేదాకా మళ్లీ వీలుకాదు.

ముందురోజు రాత్రి తిండి ఆపమన్నప్పుడు ఆపాల్సిందే. పెద్ద కుక్కకు, పిల్లికి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు కడుపు ఖాళీగా ఉంచడం మామూలు పద్ధతి. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. “పాపం, ఆకలికి ఉండలేదు” అని తెల్లవారుజామున పాలు పోసి, ఆ సంగతి డాక్టరుకు చెప్పకపోవడం ప్రాణం తీయగల ప్రేమ. నాలుగు నెలల లోపు పిల్లలను మాత్రం అంతసేపు పస్తు ఉంచకూడదు, వాటి రక్తంలో చక్కెర పడిపోతుంది. ఎన్ని గంటలన్నది డాక్టరునే అడగాలి. నొప్పి తగ్గించే మందు ఇస్తారా, కుట్లు వాటంతట అవే కరుగుతాయా తీయాలా, రాత్రి ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలన్న మూడు ప్రశ్నలు కూడా ముందే అడగదగ్గవి.

ఇంటికి వచ్చిన మొదటి రాత్రి జంతువు తూలుతుంది, వణుకుతుంది, ఒక్కోసారి మూలుగుతుంది. అది మత్తు దిగుతున్న తీరు. గాలి సోకిందని ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి నిప్పుల్లో వేస్తే ఆ ఘాటుకు దగ్గు వస్తుంది, దగ్గితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. వెచ్చని దుప్పటి, చీకటి మూల, నేల మీద పడక చాలు. పూర్తిగా తేరుకోకముందు నోరు తెరిచి గ్లూకోజు నీళ్లు పోయకూడదు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తనంతట తాను లేచి నిలబడ్డాక కొద్దిగా నీళ్లు, సగం తిండి పెట్టవచ్చు. నొప్పికి ఇంట్లోని మాత్రలు వేయకూడదు. పారాసిటమాల్ పిల్లిని చంపుతుంది. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క పేగులను, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

తర్వాత వచ్చేది పథ్యం. పప్పు తింటే చీము పడుతుందన్న మాటను మనుషులకే కాక కుక్కలకూ వర్తింపజేసి వారం పాటు ఉత్త మజ్జిగన్నం పెడతారు. చీము పప్పు నుంచి పుట్టదు. గాయంలో చేరిన బ్యాక్టీరియాతో పోరాడి చచ్చిన తెల్లరక్తకణాలే చీము. కోత మానడానికి మాంసకృత్తులు కావాలి. ఎప్పుడూ తినే తిండే పెట్టాలి.

ఇక పసుపు. ఇది ప్రేమతో చేసే పని కాబట్టి మాన్పించడం అన్నిటికన్నా కష్టం. శుభ్రంగా కుట్టిన కోత నాలుగు వేళ్లు కూడా ఉండదు. అంచులు రెండూ కలిసి, పొడిగా, లేత గులాబీ రంగులో కనిపిస్తాయి. దాని మీద నూనెలో కలిపిన పసుపు ముద్ద పెడితే రెండో రోజుకు అది పెచ్చు కడుతుంది. పెచ్చు కింద ఎరుపు పెరుగుతోందా, రసి కారుతోందా అన్నది ఇక కనిపించదు. తీయబోతే కుట్టు దారంతో పాటు లేస్తుంది. పసుపులోని కర్క్యుమిన్ ప్రయోగశాలలో కొన్ని బ్యాక్టీరియాను అడ్డుకుంటుందన్నది నిజమే. వంటింటి డబ్బాలోని పసుపు సూక్ష్మక్రిములు లేకుండా శుద్ధి చేసిన మందు కాదు. అందులో నేల నుంచి వచ్చిన క్రిముల బీజాలు ఉండవచ్చు. విభూతి, కాఫీపొడి, వేపనూనె, కిరసనాయిలు వీటికీ ఇదే వర్తిస్తుంది. డాక్టరు రాసిన స్ప్రే ఉంటే అది కొట్టాలి, లేకపోతే ఏమీ రాయకపోవడమే వైద్యం.

కుక్క నాలుకలో మందుందన్నది దీనికి జంట నమ్మకం. ఆ నమ్మకంతోనే, కుట్లు నాకకుండా మెడకు కట్టే కోన్‌ను హింసని తీసేస్తారు. లాలాజలానికి కొద్దిపాటి క్రిమినాశక గుణం ఉన్నా, అదే నోట్లో గాయాన్ని కుళ్లబెట్టే పాస్చరెల్లా లాంటి బ్యాక్టీరియా ఉంటుంది. పైగా నాకుతూ ఉంటే ఒక్క రాత్రిలో కుట్లు ఊడిపోవచ్చు. కోన్ పడని పిల్లికి పాత టీషర్టు చేతులు కత్తిరించి తొడిగినా పనిచేస్తుంది. పది నుంచి పద్నాలుగు రోజులు మెట్లు, దూకుడు, పరుగు, స్నానం ఏవీ వద్దు. రోజూ రెండుపూటలా కోత చూడాలి. చిగుళ్లు తెల్లబడినా, నెత్తురు ఆగకపోయినా, పొట్ట ఉబ్బినా, వాసన వచ్చినా, రోజంతా తినకపోయినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మగదాన్ని ఆపరేషన్ తర్వాత నెల నుంచి నెలన్నర దాకా ఎదకొచ్చిన ఆడదానికి దూరంగా ఉంచాలి, నాళాల్లో మిగిలిన వీర్యకణాలతో చూలు నిలవవచ్చు. బరువు పెరగడం నిజమే, కారణం శరీరం ఖర్చు చేసే శక్తి తగ్గడం. తిండి ఆ మేరకు తగ్గిస్తే సరిపోతుంది.

వీధికుక్కలకు ఈ ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలన్న నిబంధనలు 2001లో వచ్చాయి. వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనలు పెంపుడు జంతువుల టీకాలు, ఆపరేషన్ బాధ్యతను యజమాని మీదే పెట్టాయి. ఆపరేషన్ అయిన వీధికుక్క చెవి కొనను కొద్దిగా కత్తిరిస్తారు. ఆ గుర్తు చుట్టూ ఇప్పుడు మరో నమ్మకం పెరుగుతోంది: చెవి కోసిన కుక్క కరిస్తే ఇంజెక్షన్ అక్కర్లేదని. ఆపరేషన్ రేబిస్‌ను ఆపదు. దాంతో పాటు వేసిన టీకా బలం కాలంతో తగ్గుతుంది, ఇంటి కుక్కకైనా డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ వేయించాలి. చెవి గుర్తున్నా లేకపోయినా, కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి, కారం, సున్నం, ఆకుపసరు ఏవీ పెట్టకుండా అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి.